పదకొండో నంబరు హెచ్చరిక

ఓడరేవుల్లో ఎగరేసే తుపాను హెచ్చరికలు మొత్తం పదకొండు. కృష్ణపట్నంలో మూడో నంబరు ఎగరేశారనో, అయిదుకు పెంచారనో పేపర్లో చదువుతుంటాం. ఎనిమిది, తొమ్మిది, పది అంటే పెను ప్రమాదం. అక్కడితో లెక్క అయిపోయిందనుకుంటాం గానీ పైన పదకొండోది ఒకటుంది. అది గాలి ఎంత జోరుగా వస్తుందో చెప్పదు, తుపాను రేవుకు కుడి పక్కన దాటుతుందో ఎడమ పక్కన దాటుతుందో చెప్పదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం చూస్తే చెడేట్టుంది అని రేవులోని అధికారికి అనిపించినప్పుడు ఎగరేసేది అది. కబురు రాకపోవడాన్నే కబురుగా మార్చిన సూచిక. దాన్ని ఆలోచించినవాడెవడో గానీ సముద్రాన్నీ తీగల్నీ రెంటినీ ఎరిగినవాడు.

మన చేతుల్లో ఉన్న ప్రతి సాధనానికీ ఇలాంటి పదకొండో నంబరు గంట ఒకటుంటుంది. డిష్ టీవీకి ముందు వస్తుంది, ఫోనుకు కాస్త తర్వాత, రేడియోకు బాగా ఆలస్యంగా. ఈ వరస అదృష్టాన్ని బట్టి రాదు, చాలావరకు అల పొడవును బట్టీ కరెంటును బట్టీ వస్తుంది. తీరం వెంబడి కొత్తపట్నం, పాకల, రామాయపట్నం, జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు దాకా ఉన్న పట్టపుపాలేల్లో, అంటే సముద్రం మీద వేట చేసేవాళ్ల ఊళ్లలో, ఎవరికి ఏ కబురు ఎప్పుడు ఆగిపోతుందో ఈ రెండింటితో ముందే చెప్పొచ్చు.

అల పొడవు లెక్క తేలిక. 300ని ఫ్రీక్వెన్సీ మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే మీటర్లలో వస్తుంది. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్, అంటే 0.837 మెగాహెర్ట్జ్. అల 358 మీటర్లు. ఎఫ్‌ఎం 100 మెగాహెర్ట్జ్ దగ్గర 3 మీటర్లు. పడవల్లో వాడే వైర్‌లెస్ సెట్ల వీహెచ్‌ఎఫ్ 16వ చానల్ 156.8 మెగాహెర్ట్జ్, రెండు మీటర్లకు కాస్త తక్కువ. మొబైల్ 900 బ్యాండ్‌లో 33 సెంటీమీటర్లు, 2300లో 13. ఇంటిమీది డిష్ అందుకునేది 12 గిగాహెర్ట్జ్ దరిదాపు, అంటే రెండున్నర సెంటీమీటర్లు. సెల్ టవర్లకు డప్పుల్లాగా బిగించి ఉండే గుండ్రటివి చూసే ఉంటారు, ఒక టవరు నుంచి ఇంకో టవరుకు మాటలు మోసేవి అవే. అవి ఎక్కువగా 15, 18 గిగాహెర్ట్జ్‌లలో నడుస్తాయి. వాటి అల రెండు సెంటీమీటర్లు, అంతకు తక్కువ.

పొడుగు అల కొండ పక్కనుంచి వంగుతుంది, నేలను పట్టుకుని పాకుతుంది, వానను లెక్కచేయదు. పొట్టి అల తిన్నగా పోతుంది, అడ్డం వస్తే ఆగిపోతుంది. మరి పొడుగువే వాడుకోవచ్చు కదా అంటే, అక్కడ చోటు లేదు. మీడియం వేవ్ మొత్తం, ఈ చివర 531 నుంచి ఆ చివర 1602 కిలోహెర్ట్జ్ దాకా కలిపినా ఒక మెగాహెర్ట్జ్ చిల్లర. అందులో ఒక్కో స్టేషనుకు 9 కిలోహెర్ట్జ్ సందు. ఆ సందులో మనిషి గొంతు పడుతుంది, బొమ్మ పట్టదు. 4జీకి ఒక్క చానలే 20 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది, 5జీకి 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర 100 మెగాహెర్ట్జ్. వీడియో కావాలంటే పై బ్యాండ్లకు పోక తప్పదు, పైకి పోయేకొద్దీ దూరమూ ఓర్పూ తగ్గుతాయి. ఈ రెండింటి మధ్య బేరం కుదిరే చోటు 700 మెగాహెర్ట్జ్. దూరం పోతుంది, డేటా కూడా ఓ మోస్తరుగా పడుతుంది. అందుకే ప్రభుత్వం దానికి పెద్ద ధర పెట్టింది, ఆ ధర చూసి 2016 వేలంలోనూ 2021 వేలంలోనూ ఒక్క కంపెనీ కూడా ముట్టుకోలేదు. 2022లో గానీ అమ్ముడుపోలేదు. పల్లెలో సిగ్నల్ ఎందుకు రాదని అడిగేవాళ్లు టవర్ల సంఖ్యతో పాటు ఏ కంపెనీ ఏ బ్యాండు కొనుక్కుందో కూడా చూడాలి.

తుపాను రోజు పడిపోయే వరస చూద్దాం.

మొదట పోయేది డిష్. వాన చినుకు రెండు నుంచి అయిదు మిల్లీమీటర్లు ఉంటుంది. రెండున్నర సెంటీమీటర్ల అలకు అది చిన్న వస్తువేమీ కాదు, అలలో కొంత మింగేస్తుంది, కొంత చెదరగొడుతుంది. నీళ్లు నిండిన మబ్బు దట్టంగా కమ్మితే వాన మన ఊళ్లో మొదలవకముందే బొమ్మ గళ్లు గళ్లుగా విరగడానికి కారణం ఇదే. డిష్ చూసే వాలు దారిలో వాన పడితే చాలు, మన నెత్తిన పడనక్కర్లేదు. కేబుల్ ఆపరేటర్ల పెద్ద డిష్ సాధారణంగా 4 గిగాహెర్ట్జ్ దగ్గర అందుకుంటుంది, అల ఏడున్నర సెంటీమీటర్లు, వానకు అంతగా లొంగదు. అయితే ఆయన దగ్గర సిగ్నల్ ఉన్నా స్తంభాల మీది ఆంప్లిఫయర్లకు కరెంటు పోతే మీ ఇంట్లో తెర నల్లబడుతుంది. ఇంటిమీద అల్యూమినియం యాంటెన్నా పెట్టి దూరదర్శన్ చూసే దారి ఇప్పుడు లేదు. ఆ పాత ట్రాన్స్‌మిటర్లను కొన్ని తప్ప 2022 నాటికి మూసేశారు.

రెండోది సెల్ టవరు. ఇక్కడ చాలామంది పొరబడతారు. టవరు నుంచి ఫోనుకు వచ్చే 900, 1800, 2300 మెగాహెర్ట్జ్ అలలకు వానతో పెద్ద ఇబ్బంది లేదు. టవరు వెనకాల డప్పు డిష్‌తో ఉన్న లింకుకే ఇబ్బంది. 18 గిగాహెర్ట్జ్ దగ్గర గంటకు 100 మిల్లీమీటర్ల జోరున వాన పడితే కిలోమీటరుకు సుమారు 10 డెసిబెల్స్ పోతాయి. 10 డెసిబెల్స్ అంటే పదో వంతు మిగిలిందని. రెండు కిలోమీటర్లు పోతే నూరో వంతు, మూడైతే వెయ్యో వంతు. ఇది చాలనట్టు గాలి ఊపు. రెండడుగుల డిష్ కిరణం వెడల్పు ఆ ఫ్రీక్వెన్సీలో దాదాపు 2 డిగ్రీలు. బిగింపు ఒక్క డిగ్రీ జారినా సగం పోయినట్టే. ఇవన్నీ జరిగినా మీ ఫోనులో గీతలు నిండుగానే ఉంటాయి. టవరు పక్కనే ఉంది, పలుకుతోంది, దానికే బయటి లోకంతో సంబంధం లేదు. ‘సిగ్నల్ ఫుల్లుగా ఉంది, కాల్ మాత్రం పోవట్లేదబ్బా’ అనే మాట వెనకున్నది ఎక్కువసార్లు ఇదే. ఫైబర్ ఉన్న టవరుకు వాన బాధ లేదు గానీ కూలిన చెట్టూ, కొట్టుకుపోయిన కల్వర్టూ ఫైబర్‌ను తెంచేస్తాయి.

ఆ తర్వాత కరెంటు. టవరు కింద 48 వోల్టుల బ్యాటరీ బ్యాంకు ఉంటుంది, కొన్ని గంటలు లాగుతుంది. తర్వాత డీజిల్ జనరేటరు. రోడ్డు మీద చెట్లు పడితే డీజిల్ బండి రాదు. అందుకే తుపాను తీరం దాటేటప్పుడు పనిచేసిన ఫోన్లు మర్నాడు మధ్యాహ్నానికి మూగబోతాయి, సరిగ్గా మనుషులు ఒకరినొకరు వెతుక్కునే వేళకు.

వాతావరణ శాఖ రాడార్లూ ఈ లెక్కకు లోబడ్డవే. మచిలీపట్నంలో, శ్రీహరికోటలో, చెన్నైలో తుపాన్లను చూసే డాప్లర్ రాడార్లు పది సెంటీమీటర్ల అలతో పనిచేస్తాయి. మూడు సెంటీమీటర్ల రాడారు చిన్నదిగా, చవగ్గా వస్తుంది, బొమ్మ నాణ్యంగా ఉంటుంది. కానీ ముందున్న వానే దాని కళ్లు కప్పేస్తుంది, వెనక ఇంకెంత వాన ఉందో దానికి కనపడదు. తుపానును చూడాలంటే వానను దాటి చూడగలగాలి.

ఇక అందరికంటే ఆలస్యంగా పోయేది మీడియం వేవ్. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానప్పుడు ఊళ్లలో ఉన్నది ఇదే, సెల్‌ఫోన్ల మాటే లేదు. ట్రాన్స్‌మిటరు తుపాను పడిన చోటుకు వందల కిలోమీటర్ల దూరంలో ఉండటమే దీని బలం. నెల్లూరుకు విజయవాడ రోడ్డు మీద సుమారు 275 కిలోమీటర్లు. ఇక్కడి స్తంభాలన్నీ కూలినా అక్కడి గొంతుకు ఏమీ కాదు. పైగా ఉప్పునీళ్లు విద్యుత్తును నేలకంటే కొన్ని వందల రెట్లు బాగా మోస్తాయి కాబట్టి మీడియం వేవ్ నేల మీద కంటే సముద్రం మీద చాలా దూరం పాకుతుంది. పొద్దుగూకాక ఇంకో దారి తెరుచుకుంటుంది. పగలు ఆకాశంలో అలను మింగేసే పొర రాత్రికి కరిగిపోతుంది, పై పొర నుంచి అల తిరిగొస్తుంది. 720 దగ్గర చెన్నై, 738 దగ్గర హైదరాబాదు రాత్రిపూట గట్టిగా వినిపించడం అందువల్లే. అయితే రాత్రి ఒక్కోసారి నేల వెంట వచ్చిన అలా ఆకాశం నుంచి వచ్చిన అలా ఒకదాన్నొకటి కొట్టుకుని గొంతు లేస్తూ పడుతూ ఉంటుంది. సెట్టు పాడైందనుకోకండి, రెండు మూడు నిమిషాల్లో తిరిగి లేస్తుంది.

రేడియో కొనేటప్పుడు చూడాల్సిన చిన్న సంగతి ఒకటుంది, షాపులో ఎవరూ చెప్పరు. అంకెలతో ట్యూన్ అయ్యే సెట్లలో కొన్ని అమెరికా పద్ధతిలో 10 కిలోహెర్ట్జ్ చొప్పున ఎగురుతాయి. మన స్టేషన్లు 9 చొప్పున అమర్చినవి. 720, 738, 837, 900 అన్నీ తొమ్మిదితో భాగించబడతాయి చూడండి. పది చొప్పున ఎగిరే సెట్టు 830 నుంచి 840కి దూకుతుంది, 837 దానికి సరిగ్గా చిక్కదు, గొంతు గరగరలాడుతుంది. సెట్టింగుల్లో 9కి మార్చే వీలుందేమో చూసుకోండి, లేకపోతే ముల్లు తిరిగే పాత రకమే మేలు. ఫోన్లో ఉండే ఎఫ్‌ఎంతో మీడియం వేవ్ రాదు, ఇంటర్నెట్ రేడియో యాప్ ఈ పూట రేడియో కిందికే రాదు.

సెట్టు లోపల నల్లటి ఫెర్రైటు కడ్డీ అడ్డంగా పడుకుని ఉంటుంది. ఆ కడ్డీ కొన స్టేషను వైపు చూస్తే గొంతు సన్నబడుతుంది, కడ్డీ పక్క స్టేషను వైపుంటే గట్టిగా వస్తుంది. నెల్లూరు, ఒంగోలు వాళ్లకు విజయవాడ ఉత్తరానికి కాస్త తూర్పుగా ఉంటుంది కాబట్టి రేడియో ముఖమో వీపో అటు ఉండేట్టు పెట్టి కొంచెం కొంచెం తిప్పి చూడండి. బయటికి లాగే పొడుగు రాడ్డు ఎఫ్‌ఎంకే, మీడియం వేవ్‌కు దాన్ని లాగినా లాభం లేదు. ఎల్‌ఈడీ బల్బు, ఫోను చార్జరు, ఇన్వర్టరు దగ్గరుంటే గరగర తప్పదు, ఆరేడడుగుల దూరం జరపండి. కరెంటు పోయాక ఊరంతా ఈ గరగర ఆగిపోయి మీడియం వేవ్ మామూలు రోజుకంటే తేటగా వినిపిస్తుంది. తుపాను చేసే మేలు ఏదైనా ఉందంటే అదొక్కటే. రెండు పెన్సిల్ సెల్లుల చిన్న సెట్టు తక్కువ శబ్దంలో 30 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. మంచి ఆల్కలైన్ సెల్లు రెండు వేల పైచిలుకు మిల్లీ ఆంపియర్ గంటలు ఇస్తుంది. నలభై యాభై గంటలు వస్తుందన్నమాట. బులెటిన్ల వేళకే పెట్టి తీస్తే వారం. సెల్లులు సెట్టులోనే వదిలేస్తే ఏడాదికి కారి స్ప్రింగులు తినేస్తాయి, విడిగా ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఊళ్లో విజయవాడ పగలు ఎలా వినిపిస్తుందో, రాత్రి ఎలా వినిపిస్తుందో మామూలు రోజునే చూసి పెట్టుకోవాలి.

ఎఫ్‌ఎం సంగతి నడిమధ్యది. 100 మీటర్ల టవరు మీద నుంచి ఎఫ్‌ఎం సాఫు నేల మీద యాభై కిలోమీటర్ల దాకా ధీమాగా వస్తుంది, ఆపైన తగ్గుతుంది. వేసవిలో సముద్రం మీద వేడిగాలి పొర పరుచుకున్నప్పుడు మైపాడు ఒడ్డున చెన్నై ఎఫ్‌ఎం స్టేషన్లు పక్కూళ్లో ఉన్నట్టు పలకవచ్చు. అల ఆ పొర కింద గొట్టంలో పోయినట్టు పోతుంది. తుపాను గాలి ఆ పొరను చెదరగొడుతుంది. మేలో వినిపించింది కదా అని నవంబరులో దాన్ని నమ్ముకోకూడదు.

సముద్రంలో ఉన్నవాళ్ల లెక్క వేరు. అక్కడ కొండలు లేవు, భూమి గుండ్రంగా ఉండటమే అడ్డం. రేడియో చూపు ఎంత దూరమో తేల్చడానికి రెండు యాంటెన్నాల ఎత్తులకూ మీటర్లలో వర్గమూలం తీసి, రెండూ కలిపి 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. ఒడ్డున 30 మీటర్ల సెల్ టవరు, పడవలో నీటికి 2 మీటర్ల ఎత్తున ఫోను అనుకుంటే 28 కిలోమీటర్లు. అదే ఫోను గెడకు కట్టి 5 మీటర్లకు ఎత్తితే 31 దాటుతుంది. మూడు కిలోమీటర్లు ఎక్కువ, ఖర్చు వెదురు గెడ. కానీ ఈ లెక్క చూపుకే, బలానికి కాదు. టవరు పదుల వాట్లతో అరుస్తుంది, 4జీ ఫోను బదులు చెప్పేది అయిదో వంతు వాటుతో. మనకు టవరు వినిపిస్తుంది, టవరుకు మనం వినిపించం. గీతలు చూసి ఇంకా పది కిలోమీటర్లు పోవచ్చనుకునే సరంగు (బోటు నడిపేవాడు) ఈ తేడా తెలుసుకోవాలి. సెట్టింగుల్లో 5జీ ఆపి 4జీకో 2జీకో కట్టేస్తే ఫోను వెతుకులాట తగ్గి బ్యాటరీ మిగులుతుంది. పాత 2జీకి ఇంకో హద్దుంది. అల పోయిరావడానికి పట్టే సమయం లెక్క కోసం దాన్ని 35 కిలోమీటర్లకే కట్టేశారు, ఎంత ఎత్తు నుంచి పిలిచినా అంతకు మించి కాల్ కలవదు. కోస్ట్‌గార్డు అత్యవసర నంబరు 1554 గుర్తుంచుకోవాల్సిందే గానీ అది ఈ పరిధి లోపలే పనికొస్తుంది.

అందుకే వీహెచ్‌ఎఫ్ సెట్టు. బిగింపు సెట్టు 25 వాట్లు, చేతిసెట్టు 5 వాట్లు. ఒడ్డున 60 మీటర్ల యాంటెన్నా, పడవలో 3 మీటర్ల యాంటెన్నా అయితే 39 కిలోమీటర్లు. పడవకూ పడవకూ మధ్య, రెండూ 3 మీటర్లే అయితే, 14. వాట్లు పెంచితే ఈ దూరం పెద్దగా పెరగదు, ఎత్తు పెంచితేనే పెరుగుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక సెట్టు మీద డబ్బు పోసి యాంటెన్నాను క్యాబిన్ పక్కన వంగదీసి కడతారు.

ఆ తర్వాత పోగొట్టుకునేది కేబుల్లో. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీలో నూరు మీటర్లకు 20 డెసిబెల్స్ దరిదాపు తింటుంది. 20 మీటర్లు వేస్తే 4 డెసిబెల్స్. పాతిక వాట్లు సెట్టులో బయలుదేరి పది వాట్లై యాంటెన్నా చేరతాయి. లావు ఆర్‌జీ-213 వేస్తే పదిహేడు దాకా చేరతాయి. చిన్న ఫైబర్ బోటులో నాలుగైదు మీటర్లే కాబట్టి సన్నదైనా పరవాలేదు, ఒడ్డున సంఘం భవనం మీద పెట్టే స్టేషనుకు మాత్రం లావుదే వేయాలి. ఉప్పుగాలికి కనెక్టరు లోపల పచ్చగా చిలుము పడుతుంది. తనంతట తానే అతుక్కునే రబ్బరు టేపు ముందు చుట్టి, దాని మీద మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టాలి. కింది నుంచి పైకి చుట్టాలి, పెంకుటిల్లు మీద పెంకులు పరిచినట్టు పై చుట్టు కింది చుట్టును కప్పాలి. పైనుంచి కిందికి చుడితే ప్రతి మడతా నీళ్లు పట్టే దోసిలే. కేబుల్ లోపలికి దూరే చోట ఒక వంపు కిందికి వేలాడదీయండి, నీళ్లు అక్కడ కారిపోతాయి, సెట్టులోకి పాకవు. నీళ్లు తాగిన కేబుల్ ఎండబెట్టినా బాగుపడదు, మార్చేయాల్సిందే. ఈ పనులన్నిటికీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట విరామం ఉంది. బోటుకు రంగు వేసే రోజే ఇదీ చూసుకుంటే సరి.

16వ చానల్ పిలుపుకూ ఆపదకూ. కబుర్లకు ఇంకో చానల్ మీదికి మారాలి. ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే బలమైనవాడే వినిపిస్తాడు, రెండోవాడు ఉన్నట్టే తెలియదు. వల కింద పడ్డ మైకు మీట నొక్కుకుపోయి ఉంటే చుట్టుపక్కల బోట్లన్నిటికీ ఆ చానల్ మూసుకుపోతుంది. మీట నొక్కి అర సెకను ఆగి మాట్లాడాలి, లేకపోతే మొదటి అక్షరం తెగుతుంది. ప్రాణాపాయమైతే ‘మేడే’ మూడుసార్లు, బోటు పేరు మూడుసార్లు, జీపీఎస్‌లోని అక్షాంశ రేఖాంశాలు, ఏమైంది, ఎంతమంది ఉన్నారు, ఈ వరసలోనే చెప్పాలి. చోటు ముందు చెప్పడం ఎందుకంటే బ్యాటరీ మధ్యలో చచ్చినా వెతికేవాళ్లకు అది చాలు. ఈ సెట్లకు లైసెన్సు కావాలి.

వీహెచ్‌ఎఫ్ కూడా అందని దూరానికి ఉపగ్రహమే దిక్కు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2019లో తెచ్చిన జెమిని పెట్టె గగన్ ఉపగ్రహాల నుంచి హెచ్చరికలు అందుకుని బ్లూటూత్‌తో ఫోనుకు ఇస్తుంది. లోపం ఏమిటంటే అది వినగలదు, బదులు చెప్పలేదు. తర్వాత వచ్చిన ఇస్రో ట్రాన్స్‌పాండర్లు రెండు వైపులా పొట్టి సందేశాలు పంపగలవు, కోస్తా రాష్ట్రాల్లో లక్ష బోట్లకు బిగించే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. బిగించేటప్పుడు ఆకాశం తెరిపిగా కనిపించే చోటే పెట్టించండి. ఇనప రేకు కిందా, ఐసు పెట్టెల చాటునా పెడితే ఉపగ్రహం కనపడదు.

ఇక సందేశం సంగతి. తెలుగులో రాసే ఎస్సెమ్మెస్‌కు ఒక శాపం ఉంది. ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి, తెలుగైతే 70. పైగా గుణింతం, ఒత్తు దేనికది విడిగా లెక్క. ‘నెల్లూరు’ మనకు మూడక్షరాలు, ఫోనుకు ఎనిమిది. మామూలుగా రాసే హెచ్చరిక మూడు నాలుగు ముక్కలై పోతుంది, నెట్‌వర్క్ ఒత్తిడిలో ఒక ముక్క రాకపోతే మిగతావి అర్థం కావు. ‘రేపు వేట వద్దు. బోట్లు ఒడ్డుకు.’ ఇది 31. ఇంకా సగం చోటు మిగిలే ఉంది, తేదీ, టైము, పంపినవాళ్ల పేరు దానిలో రాయొచ్చు. కాల్ కలవనప్పుడు కూడా ఎస్సెమ్మెస్ తరచుగా పోతుంది, ఎందుకంటే దానికి కావాల్సిన చోటు చిటికెడు. నాలుగుసార్లు కాల్ కొట్టే బదులు ఒక పొట్టి సందేశం పంపి ఊరుకోవడం ఊరందరికీ మేలు.

ఎస్సెమ్మెస్ ఒక్కొక్కరికీ విడివిడిగా పోతుంది. లక్షమందికి పంపాలంటే లక్షసార్లు. సెల్ బ్రాడ్‌కాస్ట్ అలా కాదు. టవరు ఒక్కసారి చాటింపు వేస్తుంది, దాని కింద ఉన్న ఫోన్లన్నీ వింటాయి. ఎవరి నంబరూ తెలియనక్కర్లేదు, ఎంత రద్దీ ఉన్నా ఆగదు. 2023లో ఫోన్లన్నీ ఒకేసారి కెవ్వుమని మోగి జనం హడలిపోయింది దీని పరీక్షకే. కొందరు చిరాకుపడి సెట్టింగుల్లో దాన్ని ఆపేశారు. ఫోను సెట్టింగుల్లో ‘వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్’ అని వెతికి తిరిగి తెరిచి పెట్టండి. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1980లలోనే ఇన్‌శాట్ ద్వారా దక్షిణ కోస్తాలోనూ ఉత్తర తమిళనాడు తీరంలోనూ రిసీవర్లు పెట్టి, ఆపద ఉన్న జిల్లాల్లోని సెట్లు మాత్రమే సైరన్ మోగేలా చేశారు. డప్పువాడు ఏ వీధిలో కొట్టాలో ఆ వీధిలోనే కొట్టినట్టు.

వాట్సాప్ దీనికి నేరుగా ఎదురు. పక్కింటివాడికి పంపినా ఎక్కడో ఉన్న సర్వరుకు పోయి రావాలి, టవరు వెనకాల లింకు తెగితే వీధి చివరికి కూడా పోదు. లింకు బాగున్నప్పుడేమో నిరుటి తుపాను ఆడియో ఈ ఏడాది తిరుగుతుంది. 2020 ఏప్రిల్ నుంచి బాగా తిరిగిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా కట్టడి పెట్టారు, రెండు బాణాల గుర్తు చూస్తే అది అలాంటిదని తెలుస్తుంది. అసలు బులెటిన్‌కు నంబరు, తేదీ, వేళ ఉంటాయి. అందులో ‘0830 గంటలు’ అన్నది తుపాను ఎక్కడుందో చూసిన వేళ, తీరం దాటే వేళ కాదు. ఈ ఒక్కటి తప్పు చదివి ‘ఎనిమిదిన్నరకు దాటేసిందంట’ అని పంపేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. గాలి వేగం నాట్‌లో ఇస్తే 1.852తో గుణించి గంటకు కిలోమీటర్లు చేసుకోండి.

సిగ్నల్ బూస్టర్ల గురించి ఒక మాట. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే ఈ పెట్టెలు అనుమతి లేకుండా పెట్టడం నేరం. నేరమన్నది అలా ఉంచితే, లోపలి యాంటెన్నా బయటి యాంటెన్నాకు వినిపించి పెట్టె తనలో తాను ఊళ పెడుతుంది. మైకు స్పీకరు ముందుకు పోతే కీచుమన్నట్టు. ఆ ఊళ టవరు చెవిలో పడి, దూరంగా సన్నగా పిలిచే ఫోన్లు దానికి వినపడవు. ఒక్క దుకాణంలో నాలుగు గీతలు పెరిగితే సముద్రంలో ఉన్నవాడి కాల్ పోతుంది.

పడమటి వైపు, ఉదయగిరి వెలుగొండల చాటునా, దోర్నాల, ఎర్రగొండపాలెం అడవి గూడేల్లోనూ ఇబ్బంది తుపాను గాలి కాదు, కొండ నీడ. అక్కడ టవరు చూపు తెగిపోతుంది. పైకి పంపి పైనుంచి కిందికి దింపడమొక్కటే దారి. లైసెన్సు తీసుకుని సొంత వైర్‌లెస్ సెట్లతో మాట్లాడుకునే హామ్ రేడియోవాళ్లు 7 మెగాహెర్ట్జ్‌లో చేసేది అదే. మధ్యలో కేబుల్ కలిపి రెండు పక్కలకూ రెక్కల్లా లాగి కట్టే తీగ యాంటెన్నాను డైపోల్ అంటారు. సగం అల డైపోల్ పొడవు 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే వస్తుంది. 7.1కి 20.1 మీటర్లు, ఒక్కో రెక్క 10 మీటర్లు. ఇంటి వైరింగు తీగతో 10.3 మీటర్లు కోసి, యాంటెన్నా కుదిరిందో లేదో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చూస్తూ రెండు వైపులా సమంగా కత్తిరించుకుంటూ రావాలి. ఎక్కువ ఎత్తు కడితే దూరదేశాలు వినిపిస్తాయి, పక్క జిల్లా వినపడదు. మనకు పక్క జిల్లా కావాలి కాబట్టి రెండు వేపచెట్ల మధ్య 4 నుంచి 6 మీటర్ల ఎత్తు చాలు. అల నిటారుగా పైకి పోయి మూడు నాలుగు వందల కిలోమీటర్ల చుట్టూ వానలా దిగుతుంది, మధ్యలో ఏ కొండా అడ్డం కాదు. సన్న కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీలో ఏమంత తినదు. తెల్లవారుజామున 7 మెగాహెర్ట్జ్ పైకి పోయి తిరిగి రాదు. ఆ వేళకు 3.6 మెగాహెర్ట్జ్ డైపోల్ ఉండాలి, ఒక్కో రెక్క 20 మీటర్లు. దీనికి కేంద్ర ప్రభుత్వ పరీక్ష, లైసెన్సు ఉన్నాయి. 12 ఏళ్లు నిండితే రాయొచ్చు. మండలానికి ఒక కుర్రాడో అమ్మాయో రాసినా చాలు.

ఇన్నీ దాటి వచ్చిన మాట చివరి అర కిలోమీటరు గాలిలో శబ్దంగానే పోవాలి, గుడి మైకులోంచి. 12 వోల్టులతో కూడా నడిచే ఆంప్లిఫయరు ఉందో లేదో ముందే చూసుకోండి, కరెంటుకు మాత్రమే పనిచేసేదైతే ఆ రాత్రి బొమ్మే. నలభై వాట్ల ఆంప్లిఫయరు అరుస్తున్నంతసేపూ అయిదారు ఆంపియర్లు లాగుతుంది, గంటకు పది నిమిషాలు వాడితే ట్రాక్టరు బ్యాటరీతో రెండు రోజులు గడుస్తుంది. హారన్లు రెండు, ఎదురెదురు దిక్కులకు. ఎదురుగాలికి శబ్దం పైకి లేచిపోతుంది, గాలి వచ్చే వైపు ఇళ్లకు వినపడదు. తుపానులో గాలి దిక్కు గంట గంటకూ మారుతుంది కాబట్టి ఒక పూట విన్న వీధి మరో పూట వినకపోవచ్చు. ఆ వైపు మనిషిని పంపాలి.

పాలెంలో పెద్దకాపులు కూర్చుని దురాయి (ఊరి కట్టుబాటు) పెట్టుకునేటప్పుడు ఒకటి కలుపుకోవచ్చు. హెచ్చరిక ఉన్న రోజుల్లో ఒడ్డున ఉన్నవాళ్లు ఏ ఏ గంటలకు కబురు చెప్పాలో ముందే అనుకోవడం. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, రాత్రి తొమ్మిది. ప్రమాదం లేకపోయినా ‘ఏమీ లేదు’ అని చెప్పి తీరాలి. చెప్పాల్సిన గంట దాటి అర్ధగంటకు కూడా రేడియోలో గానీ, వీహెచ్‌ఎఫ్‌లో గానీ, ఫోనులో గానీ ఏ మాటా రాలేదంటే పదకొండో నంబరు ఎగిరినట్టే. ఇంకో కబురు కోసం చూడకుండా బోట్లు పైకి లాగి, ఇంజన్లు విప్పి, ముసలివాళ్లను షెల్టరుకు తీసుకుపోవడం మొదలుపెట్టాలి.